ఆఫర్ లెటర్ రాద్దాం – 4వ పాఠం: మానేసిన మేనేజర్‌ని ఆపే వాక్యం

ఈ వారం జీతం వివరాలు రాయడం నేర్చుకోవాలి. కానీ మీ హోటళ్లలో మేనేజర్లకి ఇస్తున్నామని మీరు పంపిన ఆఫర్ లెటర్లు చదివాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. "నోటితో అనుకున్నదంతా కాగితం మీద పెట్టండి" అని పోయినసారి చెప్పాను. మీరు భయాలు కూడా పెట్టేశారు. చాలా లెటర్లలో ఈ వాక్యమే కనిపించింది:

"ఉద్యోగం మానేశాక రెండేళ్లపాటు 10 కిలోమీటర్ల లోపు ఏ హోటల్‌లోనూ చేరరాదు."

కొట్టేయండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. రెండేళ్లని ఆరు నెలలు చేసినా, 10 కిలోమీటర్లని 2 చేసినా అంతే. "ఇష్టపడే సంతకం పెట్టాడు కదా" అని ఒకరు అడిగారు. పెట్టినా చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్‌కీ, ఆయన ప్రచార వ్యవహారాలు చూసిన సంస్థకీ మధ్య వచ్చిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ఒప్పందం గడువు ముగిశాక అలాంటి కట్టడి నిలబడదు.

మొదట్లో నేనూ ఈ వాక్యం రాసేవాణ్ణి. విజయవాడలో ఒక టిఫిన్ హోటల్‌కి తీసుకుంటున్న మేనేజర్ సరిగ్గా ఆ లైను దగ్గర పెన్ను ఆపి, "సార్, నాకు వచ్చిన పని ఇదొక్కటే. రెండేళ్లు ఇంట్లో ఏం వండుకోవాలి?" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎవరికీ రాయలేదు.

మీ అసలు భయం ఏమిటో చూసుకుని, దాన్నే రాయండి. ఇలా:

"ఉద్యోగంలో ఉన్నంతకాలం మరో హోటల్‌కి పనిచేయరాదు. మానేశాక మా మసాలా కొలతలు, సరుకు కొనే రేట్లు, కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వరాదు, వాడరాదు."

'రహస్య సమాచారం' అని ఒక్క మాటతో వదిలేయకండి, అవి ఏమేమిటో పేరుపేరునా రాయండి. రద్దీలో కౌంటర్ నడపడం, అలిగిన వంట మాస్టర్‌ని బుజ్జగించడం ఆయన సొంత పనితనం. అది మీ రహస్యం కాదు.

హఠాత్తుగా వెళ్లిపోతాడనే టెన్షన్‌కి మందు నోటీసు గడువు. మేనేజర్‌కి నేనైతే 45 రోజులు పెడతాను. ఆయన మానేయాలన్నా, మీరు తీసేయాలన్నా అన్ని రోజుల ముందు చెప్పాలి, ఇద్దరికీ ఒకటే గడువు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంచుకుంటామన్న లైను కూడా తీసేయండి. చూసి, జిరాక్స్ తీసుకుని, అప్పుడే చేతికిచ్చేయండి. హోదా, చేరే తేదీ మీరు బాగానే రాస్తున్నారు.

అభ్యాసం: ఇప్పటిదాకా మీరు ఇచ్చిన లెటర్లన్నీ బయటికి తీయండి. మానేసిన తర్వాతి కాలం గురించి ఉన్న ప్రతి వాక్యం పక్కన, అది సమాచారాన్ని కాపాడుతోందా, మనిషిని ఆపుతోందా రాయండి. మనిషిని ఆపేదైతే కొట్టేసి కొత్తగా రాయండి. తర్వాత మీ మేనేజర్‌ని కూర్చోబెట్టి పైకి చదివించండి. ఆయన తడబడిన ప్రతి చోటా ఇంకోసారి రాయండి. వచ్చే పాఠానికి పోయిన నెల జీతాల షీటు దగ్గర పెట్టుకోండి.