యూఎస్‌బీ పరికరం నుంచి చదువుతుంటే ఓవర్‌ఫ్లో వస్తోందా?

సందేశం పొడవు మొదటి 4 బైట్లలో ఉంటుంది కదా అని ముందు 4 బైట్లే అడిగి, తర్వాత మిగతావి అడగడం చాలామందికి అలవాటు. సీరియల్ పోర్టులో అది చెల్లుతుంది. యూఎస్‌బీ బల్క్ బదిలీలో (ఎక్కువ డేటాను ప్యాకెట్లుగా పంపే పద్ధతి) పరికరం ప్యాకెట్‌ను ముక్కలు చేయదు, మొత్తం ఒకేసారి పంపేస్తుంది. మన బఫర్ (వచ్చిన డేటా పెట్టుకునే మెమరీ చోటు) చిన్నదైతే, యూఎస్‌బీ పరికరాలతో మాట్లాడే లైబ్రరీ అయిన లిబ్‌యూఎస్‌బీ ఓవర్‌ఫ్లో లోపం చూపిస్తుంది. తప్పు కేబుల్‌దే అనుకుని నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

ఎండ్‌పాయింట్ (పరికరంలో డేటా వచ్చిపోయే ద్వారం) వివరాల్లో గరిష్ఠ ప్యాకెట్ పరిమాణం చూడండి. బల్క్‌కు అది యూఎస్‌బీ వేగాన్ని బట్టి మారుతుంది: ఫుల్ స్పీడ్‌లో ఎక్కువలో ఎక్కువ 64 బైట్లు, హై స్పీడ్‌లో 512, సూపర్ స్పీడ్‌లో 1024. ఎప్పుడు చదివినా ఆ సంఖ్యకు గుణిజంగానే అడగండి. నేను 4096 పెట్టాను, పై మూడింటికీ సరిపోతుంది. తక్కువ వస్తే ఇబ్బంది లేదు, చిన్న ప్యాకెట్ రాగానే బదిలీ దానంతట అదే ముగుస్తుంది. వచ్చిన బైట్లను సొంత బఫర్‌లో చేర్చుకుని, పొడవు చూసి సందేశాలను అక్కడే విడదీయండి.

ఒక్క చోట ఇది మొరాయిస్తుంది. సందేశం సరిగ్గా 512 బైట్లో 1024 బైట్లో ఉండి, చివరి ప్యాకెట్ కూడా నిండుగా వచ్చి, పరికరం చివర ఖాళీ ప్యాకెట్ పంపకపోతే, ఇంకా వస్తుందని చదివే ప్రోగ్రామ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకే 500 మిల్లీసెకన్ల లాంటి గడువు పెట్టండి. గడువు దాటిందన్న లోపం వచ్చినా, ఎన్ని బైట్లు అందాయో చూడకుండా పారేయకండి. చాలాసార్లు సందేశం మొత్తం అందులోనే ఉంటుంది.