సలాడ్ ఆకులు మెత్తబడకుండా

కడిగిన లెట్యూస్‌ని పొడిబట్టలో చుట్టి తడి పూర్తిగా తీసేయండి. తడి ఉంటే డ్రెస్సింగ్ (సలాడ్‌లో కలిపే పుల్లటి నూనె మిశ్రమం) ఆకుకి పట్టదు, గిన్నె అడుక్కి జారిపోతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

డ్రెస్సింగ్‌కి చిన్న సీసాలో 1 టేబుల్ స్పూన్ నిమ్మరసం, 2 చిటికెల ఉప్పు వేసి ముందు కరిగించండి. ఉప్పు నూనెలో కరగదు, అందుకే ఈ వరస మార్చొద్దు. తర్వాత అర టీస్పూన్ మస్టర్డ్ సాస్, 3 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె వేసి, మూత బిగించి చిక్కబడేదాకా గట్టిగా ఊపండి. మస్టర్డ్ ఉంటే నూనె, పులుపు త్వరగా విడిపోవు.

4 గుప్పెళ్ల ఆకులకి ముందు సగమే పోయండి, అదీ తినేముందే. ముందుగా కలిపితే ఉప్పుకి నీరు ఊరి ఆకు వాలిపోతుంది. చీజ్ చివర్లో చల్లాలి. ఫెటా రకం చీజ్ వాడితే దానిలోనే ఉప్పెక్కువ కాబట్టి డ్రెస్సింగ్‌కి చిటికెడు చాలు.