చక్రం తీశాక బ్రేక్ లివర్ నొక్కకండి

పోయిన వారం మావాడొకడు హైదరాబాద్ నుంచి లేహ్‌కి ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులున్న సైకిల్‌ని విమానంలో వేసుకెళ్లాడు. హోటల్ గదిలో పెట్టె విప్పి ముందు చక్రం బిగిద్దామంటే చక్రానికుండే బ్రేక్ డిస్క్ దూరట్లేదు, బ్రేక్ ప్యాడ్లు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కంగారులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాడు. టిక్కుమంది. ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ పగిలింది, ఆయిల్ కారింది, ఖర్దుంగ్ లా కనుమ ఎక్కాల్సిన రోజంతా మెకానిక్ కోసం తిరగడంతోనే సరిపోయింది.

నాకు తెలిసి ఇది నాలుగో కేసు. నాలుగిట్లోనూ తప్పు ఒకటే: చక్రం తీసి, ప్యాడ్ల మధ్య ఏమీ పెట్టకుండా వదిలేయడం. డిస్క్ ఉంటే ప్యాడ్లు దానికి ఆని ఆగుతాయి. లేకపోతే లివర్ నొక్కిన ప్రతిసారీ పిస్టన్లు ఇంకాస్త ముందుకొస్తాయి, మళ్లీ అంత వెనక్కి పోవు. ‘నేను నొక్కలేదన్నా’ అంటారు. మీరు నొక్కక్కర్లేదు, లివర్ పెట్టె గోడకి ఆనుకుని ఉండి పైన ఎవరిదో సూట్‌కేసు పడితే చాలు.

కొత్త సైకిల్‌తో చిన్న ప్లాస్టిక్ ముక్క వస్తుంది, ప్యాడ్ స్పేసర్. అందరం పారేస్తాం. సైకిల్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. దొరక్కపోతే శుభ్రమైన అట్టముక్క మడిచి బిగుతుగా దూర్చి, జారకుండా రబ్బరు బ్యాండు వేయండి. కొత్త డిస్క్ మందం దాదాపు 1.8 మిల్లీమీటర్లు, అట్ట అంతకంటే పలచగా ఉంటే దండగ. లివర్‌కీ గ్రిప్‌కీ మధ్య స్పాంజి కూడా కుక్కండి.

డిస్కులు విప్పేయండి, పెట్టెలో వంగేవి అవే. ఆరు బోల్టులదైతే టీ25 అనే నక్షత్రం మొన కీ, సెంటర్ లాక్ (మధ్యలో ఒకే రింగుతో బిగించేది) అయితే దాని టూల్ కావాలి, అవి చెక్-ఇన్ బ్యాగులోనే వెళ్లాలి. చైన్ తుడిచిన గుడ్డలో డిస్క్ చుట్టకండి. వేళ్లతో ముట్టుకోకండి. బ్రేక్ పైపు మడత పడనివ్వకండి. ప్యాడ్లు అతుక్కుంటే టైరు ఊడదీసే ప్లాస్టిక్ టైర్ లివర్‌తో మెల్లగా విడదీయండి. స్క్రూడ్రైవర్ వద్దు, చాలా బ్రేకుల్లో పిస్టన్ సిరామిక్‌ది. మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ ఆయిల్ (కార్లలో వాడే బ్రేక్ ఫ్లూయిడ్) పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి, ఎవరిచ్చినా పోయకండి. చక్రాలు బిగించాక సైకిల్‌ని నిలబెట్టి ఇరవైసార్లు లివర్ నొక్కండి. మెత్తగా ఉందా? ఎక్కకండి. బ్రేక్ పరీక్ష హోటల్ ముందే, ఖర్దుంగ్ లా నుంచి నలభై కిలోమీటర్ల దిగుడులో కాదు. మళ్లీ చెప్తున్నా, చక్రం బయట ఉంటే లివర్ ముట్టుకోవద్దు, పక్కనున్న పిల్లల్నీ ముట్టుకోనివ్వద్దు.

ఆ అట్టముక్కల్ని లేహ్‌లో చెత్తబుట్టలో వేయకండి. సైకిల్ సీటు కింద బ్యాగులో పెట్టుకోండి, తిరుగు విమానానికి మళ్లీ కావాలి.