చీజ్ సాస్ రవ్వరవ్వగా విరిగిపోతోందా? మెకరోనీ అండ్ చీజ్‌లో మార్పులు: సమస్య - పరిష్కారం

వైట్ సాస్ కాచడం, మెకరోనీని కాస్త పలుకు ఉండగానే వార్చడం మీకు చేతనవుననే అనుకుంటున్నాను. మామూలు వంటకానికి కొత్త రుచి తేవాలని మరో రకం చీజ్‌నో, కూరగాయలనో, పులుపునో చేర్చినప్పుడు వచ్చే చిక్కులే ఇక్కడి విషయం. నేను 250 గ్రాముల మెకరోనీకి 30 గ్రాముల వెన్న, అంతే మైదా, అర లీటరు పాలు, 250 గ్రాముల చీజ్ వాడతాను.

సమస్య: సాస్ నాలుకకు రవ్వలా తగులుతోంది, అంచుల్లో నూనె తేలుతోంది.

మొదట చూడవలసినది ఒక్కటే: చీజ్ వేసేటప్పుడు పొయ్యి ఆపారా? ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ "సన్నని సెగ మీదే ఉంచాను" అన్న జవాబు వస్తుంది. సన్నని సెగ కూడా సెగే. వేడి మితిమీరితే చీజ్‌లోని ప్రొటీన్ బిగుసుకుని, తనలో పట్టి ఉంచిన కొవ్వునూ నీటినీ బయటికి పిండేస్తుంది. సాస్ చిక్కబడగానే గిన్నె దించి, రెండు నిమిషాలు ఆగి, తురుమును మూడు నాలుగు విడతలుగా కలపాలి. పాకెట్‌లో వచ్చే తురుమైతే, ముక్కలు అంటుకోకుండా పూసిన పిండి వల్ల కూడా సాస్ నునుపు తగ్గుతుంది కనుక, గడ్డ చీజ్ కొని అప్పటికప్పుడు తురుముకోవడం మేలు.

ఇవన్నీ సరిగ్గా చేసినా సాస్ విరిగితే, అసలు దోషి చీజ్ వయసు. నన్ను చాలాకాలం తిప్పలు పెట్టిన కారణం ఇదే. ఒకసారి ఇరవైమందికి వండుతూ, రుచి ఘాటుగా ఉండాలని మామూలు చెడ్డర్ మానేసి మొత్తం రెండేళ్లు మాగిన చెడ్డరే వేశాను. పొయ్యి ఆపాను, చేత్తోనే తురిమాను, అయినా గిన్నెలో ఇసుకా నూనే మిగిలాయి. పాలను, మైదాను, చివరికి గిన్నెను కూడా అనుమానించాను గానీ, అన్నిటికంటే ఖరీదైన ఆ చీజ్‌ను మాత్రం అనుమానించలేదు. చీజ్ మాగుతున్నకొద్దీ అందులోని ఎంజైములు కేసీన్ అనే పాల ప్రొటీన్ గొలుసులను ముక్కలు చేస్తూ పోతాయి, తేమ కూడా తగ్గుతుంది. ఘాటైన రుచి వచ్చేది ఆ మార్పు వల్లనే. కానీ కరిగినప్పుడు కొవ్వును పట్టి ఉంచే బలం పోయేదీ దానివల్లనే. అందుచేత పార్మెజాన్, మాగిన గౌడా, పాత చెడ్డర్ వంటివి మొత్తం చీజ్‌లో మూడో వంతు మించకూడదు. మిగిలిన రెండు వంతులు లేత చెడ్డర్, మోంటెరీ జాక్ వంటి తేలికగా కరిగే రకాలు ఉండాలి.

ఘాటు చీజే ఎక్కువగా కావాలనుకునేవారికి సోడియం సిట్రేట్ అనే లవణం ఉంది. అది కేసీన్‌ను బిగించి ఉంచే కాల్షియంను లాగేసుకుంటుంది. దానితో ప్రొటీన్ వదులై, కొవ్వునూ నీటినీ మళ్లీ కలిపి పట్టుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో 1911లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ ప్రాసెస్డ్ చీజ్ తయారుచేసింది ఈ లవణంతోనే. అది దొరకకపోతే రెండు మూడు ప్రాసెస్డ్ చీజ్ స్లైసులు వేయండి; అటువంటి లవణాలే వాటిలో ఉంటాయి. చీజ్ ప్రియులు ముఖం చిట్లించవచ్చు, సాస్ మాత్రం నునుపుగా వస్తుంది. ఇప్పటికే విరిగిన సాస్‌కు కూడా ఇదే మందు: పొయ్యి మీద నుంచి దించి, స్లైసులూ రెండు చెంచాల వేడి పాలూ వేసి హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పండి. నూనె కలిసిపోతుంది, రవ్వతనం చాలావరకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను.

సమస్య: టమాటానో నిమ్మరసమో చేర్చగానే సాస్ విరిగింది.

పులుపు పెరిగి పి.హెచ్. (పులుపును తెలిపే కొలత; పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 దగ్గరికి వస్తే కేసీన్ గడ్డకడుతుంది. వేడి తోడైతే అంత పులుపు కూడా అక్కరలేదు. టమాటాను విడిగా నీరు ఇగిరేదాకా మగ్గించి, సాస్ దించాక చివర్లో కలపండి.

సమస్య: పుట్టగొడుగులో పాలకూరో వేస్తే అడుగున నీరు చేరింది.

పుట్టగొడుగులను ఉప్పు వేసి నీరంతా పోయేదాకా వేయించాలి, పాలకూరను ఉడికించి గట్టిగా పిండాలి. పచ్చివి వేస్తే ఆ నీరు సాస్‌లోకే వస్తుంది.

సమస్య: అవన్‌లో పెట్టి తీస్తే పొడిపొడిగా అయింది.

మెకరోనీ సాస్‌ను పీలుస్తూనే ఉంటుంది కాబట్టి, అవన్‌లో పెట్టదలచుకుంటే అదనంగా 100 మిల్లీలీటర్ల పాలు కలిపి, సాస్ మరీ జారుగా ఉందే అనిపించేలా ఉంచండి. 180 డిగ్రీల సెల్సియస్‌లో ఇరవై నిమిషాలు, పైభాగం బంగారు రంగు తిరిగేవరకు చాలు.

చీజ్ తీగలు సాగుతుంటే మోజరెల్లా ఎక్కువైంది, తగ్గించండి. ఫెటా కరగలేదని బెంగపడకండి, అది కరిగే రకం కాదు. మైదా మాడిన వాసన వస్తే ఆ సాస్ పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.