పేరున్న సర్పంచ్ మీద పోటీ చేసేవాళ్లు ప్రచారంలో ఏం చెప్పాలి

మాది తెలంగాణలో ఒక మండల కేంద్రంలో చిన్న ప్రింటింగ్ ప్రెస్. పంచాయతీ ఎన్నికలు వచ్చాయంటే చుట్టుపక్కల ఊళ్ల కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఆటో మైక్ రికార్డింగులు చాలావరకు మా దగ్గరికే వస్తాయి. ఎవరు ఏం చెప్పి గెలిచారో, ఏం చెప్పి ఓడిపోయారో ఆ కాగితాల్లోనే తెలిసిపోతుంది. చెడ్డపేరున్న సర్పంచ్ మీద నిలబడేవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు, వాళ్ల తరఫున ఊరే మాట్లాడుతుంది. ఎదుటి మనిషి పనిమంతుడు, పెళ్లికీ చావుకీ ముందుండేవాడు, అయినా నిలబడాలనుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అలా నిలబడటం మంచిదే. ఏకగ్రీవమైన ఊళ్లలో లెక్కలు అడిగేవాళ్లు తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను.

ఒకవేళ రిజర్వేషన్ మారి ఆయన పోటీ చేయలేకపోతే భార్యనో కోడలినో నిలబెడతాడు. పేరు ఆమెది, పోటీ ఆయనతోనే. కింద చెప్పేదంతా అప్పుడూ పనికొస్తుంది.

ముందు ఒక లెక్క ఒప్పుకోండి. పోయినసారి ఆయనకు ఓటేసినవాళ్లలో కొంతమంది ఈసారి మీకు వేయకపోతే మీరు గెలవరు. మీ చుట్టాలు, మీ దోస్తులు, ఆయనంటే పడనివాళ్లు ఎలాగూ మీవైపే ఉంటారు, వాళ్లతో సీటు రాదు. కాబట్టి మీరు చెప్పే ప్రతి మాటా ఆయనకు ఓటేసిన మనిషి చెవితో వినాలి. మీరు మైకులో "సర్పంచ్ దొంగ" అంటారు. ఆ మనిషికి వినబడేది "దొంగకు ఓటేసింది నువ్వే" అని. ఎవరు ఒప్పుకుంటారు? అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాడు కూడా ఆయన్ని వెనకేసుకొస్తాడు.

ఆ ఓటరు హోటల్ దగ్గరో, కల్లు దుకాణం దగ్గరో నలుగురిలో మొహమాటం లేకుండా అనగలిగే మాట ఒకటి మీరు అందించాలి. "ఆయన మంచోడే, రోడ్లు ఏసిండు. కానీ మా గల్లీకి నీళ్లు రాకపాయె. ఈసారి ఈ పిల్లగానికి ఇచ్చి చూద్దాం." ఇలాంటి మాట మీ మనుషుల నోటి నుంచి కాకుండా ఆయన మనుషుల నోటి నుంచి వచ్చేలా చేయడమే మీ ప్రచారం.

పెద్ద ఎన్నికల్లోనూ ఇదే కనబడుతుంది. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి పాదయాత్ర మొదలుపెట్టేనాటికి చంద్రబాబు నాయుడికి దేశమంతా పేరుంది. హైటెక్ సిటీ కళ్ల ముందుంది, దాన్ని లేదనడం ఎవరి తరం కాదు. వైఎస్ మాత్రం రైతు పొలంలో బోరు గురించి, కరెంటు బిల్లు గురించి మాట్లాడారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఎన్నికలప్పుడు అదే చంద్రబాబు ప్రతిపక్షంలో ఉన్నారు. జగన్ ప్రభుత్వం పింఛన్లు ఇవ్వలేదని అంటే ముసలివాళ్లే నమ్మరు, ప్రతి నెలా ఇంటికే వస్తోంది కదా. అందుకని 3,000 పింఛను 4,000 చేస్తామన్నారు, అదీ ఏప్రిల్ నుంచి లెక్కగట్టి ఇస్తామన్నారు. దాంతోపాటు పట్టాదారు పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి ఫోటో ఎందుకని అడిగారు. మా తాత ఇచ్చిన పొలం కాగితం మీద వేరేవాళ్ల ఫోటో ఏమిటన్న ప్రశ్న చదువురాని రైతుకు కూడా ఒక్కసారికే అర్థమైంది. కామారెడ్డిలో 2023లో వెంకటరమణారెడ్డి ముఖ్యమంత్రి కేసీఆర్‌నీ, పీసీసీ అధ్యక్షుడు రేవంత్‌రెడ్డినీ ఒకే సీట్లో ఓడించారు. అంతకుముందు ఆ పట్టణ మాస్టర్ ప్లాన్‌లో పొలాలు పోతాయని రైతులు రోడ్డెక్కినప్పుడు ఆయన వాళ్లతో ఉన్నారు. గెలుపు వెనక ఇంకా ఎన్నో కారణాలుంటాయి. కానీ వీళ్లెవరూ ఎదుటివాళ్ల మంచిపేరుకు ఎదురెళ్లలేదు, ఆ పేరు చేరని చోట నిలబడి మాట్లాడారు.

మీ ఊళ్లో ఆ చోటు ఎక్కడుందో ఎలా కనుక్కోవాలి? నోటిఫికేషన్ రాకముందే, ఓటు మాట ఎత్తకుండా ఇల్లిల్లూ తిరగండి. "సర్పంచ్ ఎట్ల చేసిండు?" అని అడగొద్దు. "మంచిగనే చేసిండు" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. "పొద్దున లేస్తే ఊళ్లో మీకు విసుగు తెప్పించేది ఏంది?" అని అడగండి. అప్పుడు కోతుల సంగతి వస్తుంది, పెంకులు పీకేస్తున్నాయని, పెరట్లో ఒక్క కాయ మిగలనివ్వడం లేదని. మోరీ సగంలో ఆగిపోయి ఎవరి వాకిట్లో నిలిచిందో చెబుతారు. చెత్త ట్రాక్టర్ ఏ గల్లీ మలుపు తిరగకుండా వెనక్కి పోతుందో చెబుతారు. వాళ్లు ఏ మాటలో చెబితే ఆ మాటే నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు కరపత్రంలో ఆ మాటే పడాలి. "పారిశుద్ధ్య సమస్య" అని ఎవరూ అనరు, "మోరీ కంపు" అంటారు.

దొరికినవాటిలో అన్నీ పనికిరావు. ఆయన సొంత మనిషి కూడా "అవును, అది ఉంది" అని ఒప్పుకునేది కావాలి. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించగలిగేది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, పంచాయతీ చేతిలో ఉన్న పని కావాలి. పింఛను, ఇల్లు మంజూరు చేసేది సర్పంచ్ కాదు. అది ఓటర్లకు తెలుసు, మీకు తెలియదనుకుంటారు. వీధిదీపం, మోరీ, నల్లా వాల్వ్, చెత్తబండి, మొక్కల నర్సరీ, గ్రామసభ, ఖర్చుల లెక్క, ఇవి పంచాయతీవి.

లెక్కల సంగతి వచ్చింది కాబట్టి జాగ్రత్త చెబుతాను. ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీకి ఎంత వచ్చిందో, దేనికి పోయిందో ఉంటుంది. తప్పకుండా చూడండి. కానీ చూడగానే "మింగేశాడు" అని మొదలుపెట్టొద్దు. తెలంగాణలో 2019లో గెలిచిన సర్పంచ్‌ల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఆ తర్వాత 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేక అధికారులే ఉన్నారు, ఆ కాలం లెక్క సర్పంచ్‌ది కాదు. పల్లె ప్రగతి (కేసీఆర్ ప్రభుత్వం పెట్టిన గ్రామాభివృద్ధి కార్యక్రమం) పనులకు అప్పు తెచ్చి పెట్టి, బిల్లులు రాక తిప్పలు పడ్డ సర్పంచ్‌లు ఎంతోమంది. ఊరికి ఆ సంగతి తెలుసు. అలాంటి మనిషిని దొంగ అంటే పోయేది మీ పేరే. లెక్క గురించి మీరు చెప్పాల్సింది మీ వైపు నుంచి చెప్పండి. చట్టప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. "ప్రతి గ్రామసభలో ఖర్చు చదివి వినిపిస్తా" అనండి చాలు. పాతాయన చదివాడో లేదో ఊరికే గుర్తొస్తుంది.

ఇక రాత. డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చిన ఒక తమ్ముడు తెచ్చిన కరపత్రం చెబుతాను. ఏ4 కాగితం నిండా రాశాడు. "నియంతృత్వ పోకడలకు చరమగీతం పాడదాం, అవినీతి కోటలను కూలుద్దాం" అని పైన పెద్దక్షరాలు. అడిగితే సర్పంచ్ మంచివాడేనని తనే అన్నాడు. మరి ఈ కోట ఎక్కడిది తమ్ముడూ అన్నాను. చాలాసేపు కూర్చుని చివరికి మిగిల్చింది ఇది:

"మన సర్పంచ్ గారు ఊళ్లో సీసీ రోడ్లు వేయించారు. వైకుంఠధామం కట్టించారు. ఎవరూ కాదనరు.
చెరువు కింది గల్లీలో నల్లా నీళ్లు రెండు బిందెలు నిండేలోపే ఆగిపోతున్నాయి. ఇది కూడా ఎవరూ కాదనరు.
నన్ను గెలిపిస్తే మూడు నెలల్లో ఆ గల్లీకి వేరే వాల్వ్ పెట్టిస్తాను. నీళ్లు వదిలే టైం పంచాయతీ గోడ మీద రాయిస్తాను. ప్రతి గ్రామసభలో ఖర్చు చదివి వినిపిస్తాను."

"గారు" తీసేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్క గౌరవం లేకపోతే మొదటి లైన్ వెటకారం అవుతుంది, మిగతాది ఎవరూ చదవరు. "నీటి సమస్య" అని మొదట రాశాడు, రెండు బిందెల మాట ఆ గల్లీలో ఒక అమ్మ అన్నది. "మూడు నెలలు" దగ్గర భయపడ్డాడు. గడువు లేని హామీ ఊళ్లో ప్రతివాడూ ఇస్తాడు, గడువు పెట్టగలిగినదే రాయమన్నాను. ఆ కరపత్రాన్ని సర్పంచ్ మనుషులు కూడా చించలేదు. చించడానికి అందులో తిట్టేమీ లేదు. ఆ తమ్ముడు గెలిచాడు. కాగితమే గెలిపించిందని అనను, వాళ్ల అమ్మకు ఊళ్లో ఉన్న మంచిపేరు చాలా పనిచేసింది.

బాండ్ పేపర్ మీద హామీలు రాసివ్వడం మొన్నటి ఎన్నికల్లో చాలా ఊళ్లలో జరిగింది. తప్పు లేదు, కానీ పై మూడు లైన్లలాంటివే రాయండి. ఇరవై హామీలు రాస్తే ఓటరుకు ఒక్కటీ గుర్తుండదు.

టైం గురించి. గుర్తు వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే మునిగినట్టే. 2025లో మొదటి విడత చూడండి: నామినేషన్ల ఉపసంహరణ డిసెంబర్ 3, ప్రచారం ముగిసింది 9 సాయంత్రం 5 గంటలకు, పోలింగ్ 11న. ఉంగరమో కత్తెరో చేతికొచ్చాక మిగిలింది ఆరు రోజులు. మా ప్రెస్‌లో తెలివైనవాళ్ల పేజీ ముందే సిద్ధంగా ఉంటుంది, గుర్తు దగ్గర ఖాళీ డబ్బా వదిలి. గుర్తు వచ్చిన రాత్రే అచ్చు. ప్రెస్ పేరు, ప్రచురించినవాళ్ల పేరు అడుగున ఉండాలి, లేకపోతే అచ్చు వేయం. ఖర్చు పరిమితి కూడా గుర్తుపెట్టుకోండి: 5,000 జనాభా దాటిన పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థికి రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర.

ఆటో మైకుకు నిమిషం లోపు రికార్డింగ్ చాలు. ఆటో మీ ఇంటి ముందు ఆగదు, గుర్తూ ఆ ఒక్క సమస్యా వినబడితే గొప్ప.

ఆయన ఊరుకోడు. "నిన్నటిదాకా ఎక్కడున్నాడు వీడు?" అంటాడు. టెన్షన్ పడి తిరిగి తిట్టొద్దు. "పనికి పోయిన అన్నా, ఇప్పుడు ఊళ్లోనే ఉంట" అని నిజం చెప్పండి. అంతకంటే గట్టి దెబ్బ ఇంకొకటుంది. మీరు వాల్వ్ అన్నారని, రాత్రికి రాత్రి సొంత డబ్బుతో బాగు చేయించేస్తాడు. అప్పుడు ఏడవాల్సిన పనిలేదు. మరుసటి రోజే ఆ గల్లీకి వెళ్లి "మనం అడిగినందుకే వచ్చినయ్, సంతోషం. ఇగ మోరీ సంగతి అడుగుదాం" అనండి. దీనికోసమే నోట్‌బుక్‌లో రెండో సమస్య ఒకటి దాచి ఉంచుకోవాలి.

ఆయన కులం, ఇంట్లోవాళ్లు, ఆరోగ్యం, ఆడపిల్లల సంసారాలు, వీటి జోలికి వెళ్లొద్దు. వాట్సాప్ గ్రూపులో దొంగ ఆడియో పెట్టే మనుషులు మీ వెంట ఉంటే వెంటనే ఆపండి. అభ్యర్థి వ్యక్తిగత ప్రవర్తన మీద అబద్ధం ప్రచారం చేయడం నేరం. నేరం కాకపోయినా చేయకూడదు, ఎన్నికల తర్వాత అదే బావి, అదే బడి, అదే బస్టాపు.

ప్రచారం ఆగిన దగ్గర్నుంచి పోలింగ్ ముగిసేదాకా 44 గంటలు మైకు ఉండదు, సభ ఉండదు. హైదరాబాద్‌లో, మహారాష్ట్రలోని భివండిలో ఉన్న మీ ఊరివాళ్లకు ఫోన్లు అంతకుముందే అయిపోవాలి. ఆ ఫోన్ మీరు చేయొద్దు, వాళ్ల ఇంట్లో పెద్దమనిషితో చేయించండి. సమస్య చెప్పి, గుర్తు చెప్పి, సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగులో ఉంటుందని చెప్పి, పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకే ఆగిపోతుందని మరీ మరీ చెప్పించండి. సాయంత్రం దాకా ఉంటుందనుకుని తెల్లారాక బస్సెక్కేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.