పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350: లక్షణం చూసి లోపం పట్టడం

ఇక్కడున్న కొలతలన్నీ కుడికాలి గేరు, సీబీ పాయింట్ (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే కాంటాక్ట్ బ్రేకర్), కాస్ట్ ఐరన్ బోరు ఉన్న 4 గేర్ల బుల్లెట్ 350కి చెందినవి. బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సీసీ. తర్వాత వచ్చిన ఏవీఎల్, యూసీఈ ఇంజన్లకు వీటిని వాడకండి.

పానా పట్టే ముందు ఒక మాట. పాత బండ్లలో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ పానా వేస్తే మూలలు అరిగి నట్టు గుండ్రమవుతుంది. బ్రిటిష్ పానాల సెట్టు ఒకటి కొనుక్కోవడం మేలు. లేకపోతే ఆ నట్టు కోసుకోడానికి పెట్టే ఖర్చే ఎక్కువవుతుంది.

కిక్ అసలు దిగడం లేదు

ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండికి ఇది మామూలే. పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకు అంటుకుని ఉంటాయి. కిక్ మీద ఎక్కి తొక్కకండి, విరిగేది కిక్ షాఫ్టో దాని పళ్లో. ప్లగ్ తీసి, డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి 50 మి.లీ. దాకా పోయండి. రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత 4వ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. పిస్టన్ వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ పోసి మరో రోజు ఆగండి. వారం గడిచినా కదలకపోతే హెడ్ విప్పాల్సిందే.

కదిలింది కదా అని వెంటనే స్టార్ట్ చేయకండి. పాత ఆయిల్ తీసేసి, ఫిల్టర్ మార్చి, కింద నీలం పొగ భాగంలో చెప్పిన రాకర్ పైపు పరీక్ష అయ్యాకే.

కిక్ దిగుతుంది, ఇంజన్ అందుకోదు

ముందు ప్లగ్ తీసి చూడండి. పెట్రోలుతో తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ రావడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఈ ఒక్క చూపుతో సగం పని తగ్గుతుంది. అయినా చాలామంది మొదట కార్బొరేటరే విప్పుతారు. తప్పు పాయింట్‌ది, తిట్లు కార్బొరేటర్‌కి.

స్పార్క్ బలం చూడాలంటే ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి హెడ్‌కు ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, లోపలి నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. చిట్‌మని నీలంగా వస్తే మంచిది. పసుపుగా, సన్నగా వస్తే ఈ వరసలో వెళ్లండి.

బ్యాటరీ. కిక్ స్టార్ట్ బండే అయినా దీని స్పార్క్ బ్యాటరీ మీద ఆధారపడింది. 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దరిదాపుల్లో చూపాలి.

సీబీ పాయింట్. క్యామ్ ఎత్తు మీద ఉన్నప్పుడు గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ముఖాలు నల్లబడితే సన్నటి ఎమరీ పేపరుతో రుద్ది, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడవండి. ఎమరీ పొడి మిగిలితే కరెంటు పోదు, రుద్దిన పని వృథా. ఒక ముఖం మీద గుంట, రెండోదాని మీద బొడిపె కట్టి ఉంటే రుద్ది లాభం లేదు. పాయింట్‌తోపాటు కండెన్సర్ కూడా మార్చండి, ఆ గుంట కండెన్సర్ చేసిన పనే. కిక్ కొడుతుంటే పాయింట్ల మధ్య పెద్ద నీలి మెరుపు కనిపించినా అనుమానం కండెన్సర్ మీదే.

ప్లగ్ గ్యాప్ 0.5 మి.మీ. కొత్త ప్లగ్గుల గ్యాప్ తరచు ఎక్కువుంటుంది, పాత కాయిల్ దాన్ని దాటించలేదు.

స్పార్క్ బాగుండీ ప్లగ్ పొడిగా ఉంటే అప్పుడు కార్బొరేటర్ దగ్గరికి రండి. పెట్రోలు పైపు లాగి ట్యాప్ తిప్పితే ధార తెగకుండా రావాలి. వస్తుంటే ఫ్లోట్ గిన్నె విప్పి పైలట్ జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. రంధ్రం కనపడకపోతే కార్బ్ క్లీనర్ కొట్టి గాలి ఊదండి. తీగతో గుచ్చవద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా అందుకోకపోతే కిక్ కొట్టే తీరు చూడాలి. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా బిగువు తగిలేదాకా దించండి. డీకంప్రెసర్ (సిలిండర్లోని ఒత్తిడిని వదిలే లివరు) నొక్కి ఇంకాస్త దించండి. యామ్మీటర్ (బ్యాటరీ కరెంటు చూపే మీటరు) ముల్లు ఎడమ వైపు నుంచి మధ్యకు దూకుతుంది. పాయింట్ విడిందని అర్థం, పిస్టన్ పైకొస దాటుతోందన్నమాట. డీకంప్రెసర్ వదిలి, కిక్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు నిండుగా తన్నండి. తాళం ఆన్‌లో వదిలేసి వెళ్లకండి. పాయింట్ మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

కిక్ ఎదురు తన్నుతోంది

చీలమండ విరిగేంత ప్రమాదం ఇది, తేలిగ్గా తీసుకోకండి. స్పార్క్ అవసరానికి మించి ముందే పడుతోంది. కారణాలు రెండు. ఒకటి, టైమింగ్ తప్పడం. రెండోది, డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండే ఆటో అడ్వాన్స్ గుండ్ల స్ప్రింగ్ సాగిపోవడమో, తుప్పుతో గుండ్లు తెరుచుకునే ఉండిపోవడమో.

ముందు గుండ్లు చూడండి. క్యామ్‌ను వేలితో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే విప్పి కడిగి, రెండు చుక్కల ఆయిల్ వేయండి. సాగిన స్ప్రింగ్‌ను కత్తిరించి పొట్టి చేయొద్దు, కొత్తది వేయండి.

తర్వాత టైమింగ్. పాయింట్ గ్యాప్ సరిచేశాకే టైమింగ్ పెట్టాలి, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకొసకు 0.8 మి.మీ. కింద ఉన్నప్పుడు, గుండ్లు పూర్తిగా మూసుకుని ఉండగా, పాయింట్ విడవడం మొదలవ్వాలి. క్రాంక్ కోణంలో అది సుమారు 10 డిగ్రీలు. 0.8 మి.మీ. కంటికి ఆనే కొలత కాదు, డయల్ గేజ్ వాడండి. ఆ చోట క్రాంక్ నిలిపి, డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేసి, దాని ఒళ్లంతా మెల్లగా తిప్పండి. యామ్మీటర్ ముల్లు మధ్యకు దూకిన చోట బిగించండి. బిగించేటప్పుడు ఒళ్లు కాస్త తిరుగుతుంది, కాబట్టి చివరగా మళ్లీ చూసుకోవాలి.

వేడెక్కాక ఆగిపోతుంది

ఆగిన వెంటనే పెట్రోలు ట్యాంక్ మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ అందుకుంటే మూతకున్న గాలి రంధ్రం పూడుకుంది. సూదితో తీయండి, ఖర్చేమీ లేదు.

మూత తెరిచినా అందుకోక, ఇరవై నిమిషాలు చల్లారాక మాత్రం మామూలుగా స్టార్ట్ అయితే కండెన్సర్ లేదా కాయిల్. ముందు కండెన్సర్ మార్చి చూడండి, అది చవక.

మూడో కారణం ట్యాంకులోని తుప్పు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్లోని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖల్లో నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపితే తుప్పు రాకుండా ఎలా ఉంటుంది? ట్యాంక్ దించి, గుప్పెడు చిన్న నట్లు, సిట్రిక్ ఆసిడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లు పోసి ఊపండి. ఒక రాత్రి ఉంచి, వంట సోడా నీళ్లతో రెండుసార్లు కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల ఆయిల్ పూయండి. ఆలస్యమైతే గంటలో కొత్త తుప్పు ఎర్రగా పట్టేస్తుంది. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. పాత రబ్బరు పైపులు, ట్యాప్ వాషర్లు కూడా ఈ పెట్రోలుకు మెత్తబడిపోతాయి, వాటినీ మార్చండి.

ఐడిల్ నిలవదు, తగ్గిస్తే ఆగుతుంది

ఇంజన్ తిరుగుతుండగా కార్బొరేటర్, హెడ్ కలిసే చోట కాస్త కార్బ్ క్లీనర్ చల్లండి. వేగం మారితే అక్కడ గాలి లీకు. సైలెన్సర్ ఎర్రగా కాలుతుంది కాబట్టి దూరం పాటించండి. ఫ్లాంజ్ నట్లు అతిగా బిగించి బిగించి ఫ్లాంజ్ వంగిపోతుంది. అద్దం పలక మీద ఎమరీ పేపరు పరిచి, ముఖం సమంగా అయ్యేదాకా రుద్ది, కొత్త ప్యాకింగ్ వేయండి. మిక్‌కార్బ్ కార్బొరేటర్ గాలి స్క్రూను పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు తెరవడంతో మొదలుపెట్టండి. లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది.

నిలిపిన బండి, నీలం పొగ, డిప్‌స్టిక్‌లో ఆయిల్ మాయం

డబ్బు అనవసరంగా ఎక్కువ పోయేది ఇక్కడే. నెల రోజులు కదలని బండిలో ఆయిల్ డిప్‌స్టిక్ అడుగుకు పోతుంది. కింద చుక్క కారి ఉండదు. యజమాని లీటరు ఆయిల్ పోస్తాడు, స్టార్ట్ చేస్తే వీధి నిండా నీలం పొగ, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలేది) నుంచి ఆయిల్. ఇక "రింగులు పోయాయి, బోరు చేయించాలి" అనే తీర్పు.

జరిగింది వేరు. బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంక్ ఇంజన్ కేసులోనే, క్రాంక్ గదికి పక్కనే ఉంటుంది. నిలిపి ఉంచినప్పుడు ట్యాంకులోని ఆయిల్ ఫీడ్ పంపు గుండా జారి క్రాంక్ గదిలోకి దిగుతుంది. కాబట్టి ఆయిల్ పోయకండి. క్రాంక్ గది కింది ప్లగ్ విప్పి వచ్చినదాన్ని గిన్నెలో పట్టండి. శుభ్రంగా ఉంటే తిరిగి ట్యాంకులో పోయవచ్చు. కొద్దిగా దిగడం మామూలే. వారానికే అరలీటరు దిగుతుంటే మాత్రం టైమింగ్ కవరు విప్పి పంపు డిస్కులు చూడాలి. డిస్కు ముఖం మీద గీతలుంటే, దాని సీటు మీద మెటల్ పాలిష్ పెట్టి అటూ ఇటూ తిప్పుతూ నూరండి. ముతక గ్రైండింగ్ పేస్ట్ వద్దు. ముఖం మొత్తం ఒకే రంగు బూడిదగా కనిపించాక కిరోసిన్‌తో కడిగి, గాలి ఊదండి.

కవరు విప్పారు కాబట్టి క్రాంక్ కొసకు ఆయిల్ అందించే చిన్న సీల్‌ను కూడా మార్చండి. ఇది అరిగితే ఆయిల్ బిగ్ ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌తో కలిసే చోటికి) పోకుండా పక్కకు కారిపోతుంది. బిగ్ ఎండ్‌లో ఉన్నది ఫ్లోటింగ్ బుష్, ఆయిల్ ఒత్తిడి లేకపోతే అది బతకదు. ఇన్ని రూపాయల బోరు పని చేయించి ఈ సీల్ మర్చిపోయిన ఇంజన్లు మళ్లీ షెడ్డుకే వస్తాయి.

అంతా బిగించాక రాకర్లకు (హెడ్‌లో వాల్వులను నొక్కే చేతులకు) వెళ్లే ఆయిల్ పైపు బోల్టు కాస్త వదులు చేసి, ఇంజన్‌ను ఐడిల్‌లో నడపండి. నిమిషం రెండు నిమిషాల్లో అక్కడ ఆయిల్ ఊరాలి. రాకర్లకు పోయేది తిరుగు పంపు నుంచే. అందుకే క్రాంక్ గది ఖాళీ చేశాక కొంచెం ఆలస్యమవుతుంది. ఎంతకీ రాకపోతే ఆపేయండి.

క్రాంక్ గది ఖాళీ చేసి, పది కిలోమీటర్లు నడిపినా పొగ ఆగకపోతే అప్పుడే రింగులు. యాక్సిలరేటర్ వదిలి దిగుడులో వస్తున్నప్పుడు మాత్రమే పొగ వస్తే వాల్వ్ గైడ్లు.

కీలు కీలుకీ ఆయిల్ కారడం

ప్యాకింగులన్నీ మార్చే ముందు బ్రీదర్ దగ్గరి రబ్బరు డక్‌బిల్ (బాతు ముక్కులా ఉండే వాల్వు) చూడండి. పిస్టన్ దిగేటప్పుడు గాలిని బయటికి పంపి, ఎక్కేటప్పుడు మూసుకోవడం దాని పని. గట్టిపడి తెరుచుకునే ఉండిపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనమైన ప్రతి కీలు నుంచీ ఆయిల్ తోస్తుంది. ప్రైమరీ చైన్ కవరుకు మధ్యలో ఒకే పెద్ద నట్టు. కారుతోందని దాన్ని ఇంకా బిగిస్తే కవరు వంగి మరింత కారుతుంది. రబ్బరు సీల్ మార్చి, చేతిబలంతో బిగించండి. అందులో ఆయిల్ లెవెల్ స్క్రూ దాకానే, సుమారు 420 మి.లీ.

టకటక చప్పుడు

పైనుంచి సన్నగా వస్తే ట్యాపెట్లు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్‌లో పిస్టన్ పైకొసన ఉండగా సరిచేయాలి. దీనికి ఫీలర్ గేజ్ అక్కర్లేదు. పుష్ రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే హాయిగా తిరగాలి, పైకీ కిందికీ ఆట మాత్రం ఉండకూడదు. లాక్ నట్టు బిగించాక మళ్లీ తిప్పి చూడండి. కొద్దిగా చప్పుడు ఉన్నా పరవాలేదు. చప్పుడు లేకుండా బిగిస్తే వాల్వు కాలుతుంది.

అడుగునుంచి బరువుగా, లోడు పడ్డప్పుడు వస్తే బిగ్ ఎండ్. ఇంట్లో చేసే పని కాదు, క్రాంక్ ప్రెస్ ఉన్న లేత్ వాళ్లకు ఇవ్వండి.

క్లచ్, గేర్లు

పొద్దున మొదటి గేరు గర్రుమంటే ప్లేట్లు అంటుకున్నాయి. స్టార్ట్ చేయకముందే క్లచ్ పట్టి నాలుగు సార్లు కిక్ కొట్టండి, విడిపోతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు జారుతుంటే క్లచ్ లివరు దగ్గర 2, 3 మి.మీ. ఆట ఉందో లేదో చూడండి. గేర్ల మధ్య దొంగ న్యూట్రల్ (గేరు పడకుండా మధ్యలో ఆగడం) పడుతుంటే గేర్‌బాక్స్ బయటి కవరు లోపలి స్టాప్ ప్లేటు రెండు బోల్టులు వదులు చేసి, రెండు వైపులా సమంగా పడేలా జరపండి. గేర్లు మార్చక్కర్లేదు.

యామ్మీటర్ చార్జి చూపదు

లైటు వేసి ఐడిల్‌లో ముల్లు కాస్త ఎడమకు వాలడం లోపం కాదు. వేగం పెంచినా లేవకపోతే 12 వోల్టుల బండిలో బ్యాటరీ దగ్గర మీటరు పెట్టండి. 13.5 నుంచి 14.5 రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. అసలు పెరగకపోతే చైన్ కవరులోంచి వచ్చే స్టేటర్ (కరెంటు పుట్టించే కాయిళ్లు) వైర్లు గొలుసుకు రాసుకుని తెగాయేమో చూడండి. లోపల తిరిగే రోటరుకూ స్టేటరుకూ మధ్య చుట్టూ 0.2 మి.మీ. ఖాళీ ఉండాలి. ఒకచోట తాకుతుంటే స్టేటర్ కింద షిమ్ములు (పల్చటి రేకులు) సర్దండి.

కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించిన బండిలో అన్నీ ఒక్కసారిగా చచ్చినట్టుంటే వైరింగ్ మీద పడకండి. ఎర్త్ వైరు తగిలే చోట రంగు పొర కరెంటును ఆపుతోంది. అక్కడ రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు పూయండి.