పెత్రమాసకు సందూక దించేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం దేవరకొండ దగ్గర మా బంధువుల ఇంట్లో, పెత్రమాస (భాద్రపద అమావాస్య) పండుగకు ఇల్లు దులుపుతూ సజ్జ మీది పాత సందూక, అంటే ఇనుప పెట్టె, దించారు. ఇంటి పెద్దాయన పొలంలో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి సందూక కడిగి ఎండకు బోర్లించారు, లోపలివన్నీ వాకిట్లో కుప్ప పోశారు. ఆ కుప్పలో చెయ్యి పెట్టిన పిల్లవాడిని తేలు కుట్టింది. ఒక రాత్రి దవాఖానలో ఉండి వాడు క్షేమంగా వచ్చాడు. చదవరాని కాగితాలని చెత్తతో పాటు కాల్చేసినవి మాత్రం ఇక రావు.

పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతాడు. చాలామందిమి తాత దగ్గరే ఆగిపోతాం. ఆ పైపేర్లు ఉండేది ఆ సందూకలోనే. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

దించే ముందు

ఇద్దరు లేకుండా దించొద్దు. నిండిన ఇనుప సందూక బరువు కింద నుంచి చూస్తే తెలియదు. తుప్పు అంచు గీరుకుంటే ఆ రోజే టీటీ సూది వేయించుకోండి. చెద, పురుగు పట్టకుండా మనవాళ్లు గమాక్సిన్, డీడీటీ పొడి చల్లేవారు, అది ఏళ్ల తర్వాత కూడా పోదు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, చేతికి తొడుగు వేసుకోండి, చంటిపిల్లలను దూరంగా ఉంచండి. మూత తీసి కాసేపు వదిలేయండి. చీరల మడతల్లోకి వట్టి చెయ్యి పోనివ్వొద్దు. తేలు కుడితే మంత్రం కోసం కూర్చోకండి, నేరుగా దవాఖానకు వెళ్లండి.

తీసేటప్పుడు

గుమ్మరించొద్దు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఏది దేనితో కలిపి కట్టి ఉందో అదే అసలు సంగతి. విడదీస్తే వస్తువు మిగులుతుంది, దాని కథ పోతుంది.

మా నాయినమ్మ సందూకలో ఎర్ర గుడ్డముక్కలో కట్టిన చిన్న మూట ఉండేది. లోపల పసిబిడ్డ వెండి కడియం ఒకటి, నా బొటనవేలు కూడా పట్టనంత చిన్నది, ఒకవైపు సొట్ట. దానితో పాటు నాలుగు మడతల మనియార్డర్ చీటీ. తాత బొంబాయి పనికి పోయిన రోజుల్లోది. మేము కడియాన్ని వెండి డబ్బాలో వేశాం, చీటీని కాగితాల్లో కలిపేశాం. అలాంటి చీటీలు పదకొండు ఉన్నాయి. నాయినమ్మకు పసితనంలోనే పోయిన బిడ్డలు ఇద్దరని తర్వాత మేనత్త చెప్పింది. ఆ మూట అలాగే ఉంటే, చీటీ మీది పోస్టాఫీసు ముద్రలో తేదీ చూసి కడియం ఏ బిడ్డదో చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు చెప్పలేం.

కాబట్టి గుమ్మరించొద్దు. మూత తీయగానే ఫోన్‌తో ఫొటో తీయండి. ఒక్కో వరస తీసే ముందు మళ్లీ ఫొటో. మూట విప్పితే విప్పిన చోటే ఫొటో తీసి, అందులోవి అందులోనే కట్టేయండి.

ఉర్దూ కాగితం కనిపిస్తే కాల్చొద్దు. నిజాం కాలపు భూమి కాగితాలు చాలా వరకు ఉర్దూలోనే ఉంటాయి. ఆజర్, దై, బహ్మన్ అని నెలలుంటే అది ఫసలీ లెక్క, నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క. సంవత్సరానికి 590 కలపండి: 1357 ఫసలీ అంటే 1947-48. 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల రికార్డు) నకలు, 1950 కౌలుదారీ చట్టం కింద కౌలుదారుకు భూమి హక్కు ఇస్తూ వచ్చిన 38-ఈ సర్టిఫికెట్ లాంటివి ఉంటే తాత తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ దొరకవచ్చు. ఉర్దూ చదివే పెద్దమనిషికి చూపించండి, చేతికిచ్చి మాత్రం రాకండి. శ్రీశైలం ముంపులో ఊరు పోయిన కొల్లాపూర్ వైపు కుటుంబాలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ పోయి అడగడానికి పాత ఇల్లు లేదు, పక్కింటివాళ్లు లేరు.

ఇంకా కొన్ని.

కాగితాలు ఎండలో ఆరేయొద్దు, నీడలో గాలికి పరవండి.

లామినేషన్ చేయించొద్దు. మళ్లీ విడదీయడం కుదరదు. సెల్లోటేపు కూడా వద్దు, ఏళ్లు గడిస్తే పసుపు మరక మిగులుతుంది.

అతుక్కున్న ఫొటోలు లాగొద్దు.

ఫొటో వెనక పెన్నుతో రాయొద్దు. మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా.

చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా (నిజాం కాలపు) నాణేలను చింతపండుతో తోమొద్దు.

గద్వాల చీర జరీ పాతదని కరిగించేవాడికి ఇవ్వొద్దు. అడుగుతూ వాకిట్లోకి వస్తారు, ఆ రోజు అసలే ఇవ్వొద్దు.

రజాకార్ల కాలం చూసిన ఇళ్లల్లో తూటాలు, భర్మారు (మందు కూరి పేల్చే నాటు) తుపాకీ ముక్క బయటపడితే ముట్టొద్దు, ఠాణాకు చెప్పండి.

పెద్దవాళ్లు ఇంట్లో లేనప్పుడు తెరవొద్దు. మంచం పక్కన సందూక పెట్టి, ఒక్కొక్కటి చేతికిచ్చి, వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. తొందర పెట్టొద్దు. కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆ రోజుకు మూత వేసేయండి.

గుమ్మరించొద్దు.

పాత సామాను వాడు వాకిట్లో ఉండగా తెరవొద్దు.

అన్నదమ్ములు పంచుకోవాల్సి వస్తే ముందు ఫొటోలన్నీ తీసి అందరికీ పంపండి, పంపకం తర్వాత.

రెండు రోజుల్లో పండుగ ఉంటే సందూక జోలికే పోవద్దు. సజ్జ మీదే ఉండనివ్వండి, బతుకమ్మ అయ్యాక తీరిగ్గా దించండి.